బయోమెడికల్ పరిశోధకులు తమ ప్రచురణల జాబితాను, సైటేషన్ల లెక్కను ఎలా సిద్ధం చేసుకోవాలి

ప్రమోషన్ దరఖాస్తులోనో, విదేశంలో పోస్ట్‌డాక్ కోసం పంపే పత్రాల్లోనో, అమెరికా వీసా పిటిషన్‌లోనో ఏదో ఒక రోజు మీకు ఈ ప్రశ్న ఎదురవుతుంది: ప్రచురించిన పేపర్లు ఎన్ని, వాటికి వచ్చిన సైటేషన్లు (ఇతర పేపర్లు వాటిని ఉటంకించిన సందర్భాలు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ (కనీసం ఎన్ని సైటేషన్ల చొప్పున అన్నే పేపర్లున్నాయో చెప్పే అంకె) ఎంత? అప్పటికప్పుడు గూగుల్ స్కాలర్ తెరిస్తే ఒక అంకె, స్కోపస్‌లో మరొకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకొకటి కనిపిస్తాయి. వైద్య వ్యాసాలను వెతికే పబ్‌మెడ్‌లో పేరు కొడితే మీవి కాని పేపర్లు కూడా మీ వరుసలో వచ్చి కూర్చుంటాయి. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్క డేటాబేస్ తన పరిధిలోకి వచ్చే జర్నళ్లలో తనకు దొరికినదాన్ని లెక్కపెట్టి చూపిస్తుంది, అంతే. కాబట్టి మీరు రాసిన ప్రతి అంకెకూ ఒకే ఒక్క పరీక్ష ఉంది: దరఖాస్తును పరిశీలించే వ్యక్తి అదే చోట, అదే పద్ధతిలో వెతికితే అదే అంకె రావాలి. కింద చెప్పిన పనులన్నీ ఆ పరీక్షలో నెగ్గడానికే. వాటిని ఇదే వరుసలో చేయండి. పేరు తేలకుండా జాబితా తేలదు, జాబితా తేలకుండా సైటేషన్ల లెక్కకు అర్థం లేదు.

ముందుగా పేరు తేల్చుకోండి

ఈ పని తెలుగువారికి మరీ ముఖ్యం. మనం ఇంటిపేరును ముందు, అదీ తరచుగా ఒక పొడి అక్షరంగా రాస్తాము. పాశ్చాత్య డేటాబేసులేమో చివరి మాటను కుటుంబనామంగా తీసుకొని మిగిలినవాటిని పొడి అక్షరాలుగా కుదిస్తాయి. దాంతో రావు, రెడ్డి, కుమార్, లక్ష్మి వంటి మాటలు వేలమందికి ఉమ్మడి కుటుంబనామాలవుతాయి. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఇంటిపేరు పూర్తిగా విస్తరించి సర్‌నేమ్ గడిలోకి చేరుతుంది కనుక, ఎండీ లేదా పీహెచ్‌డీ నాటి పేపర్లలో ఒక పేరు, విదేశానికి వెళ్లాక రాసిన పేపర్లలో మరొక పేరు ఉండడం సాధారణం. పెళ్లి తరువాత ఇంటిపేరు మార్చుకున్న మహిళల విషయంలో ఈ చీలిక మరింత లోతుగా ఉంటుంది. ఆంగ్లంలో లక్ష్మికి ఏ అక్షరాలు రాశారు, వెంకట చివర ఒక అక్షరం ఎక్కువ పడిందా అన్న చిన్న తేడాలు సైతం కంప్యూటరు కళ్లకు వేరువేరు మనుషులను చూపిస్తాయి.

ఇది కొత్త సమస్య కాదు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లోనూ ఆ తరువాత లెడర్లీ ఔషధ సంస్థ ప్రయోగశాలలోనూ పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఆంగ్ల ముద్రణలో ఒకచోట ఒకే మాటగా, మరొకచోట మధ్యలో పెద్ద అక్షరంతో, ఇంకొకచోట రెండు మాటలుగా విడిపోయి కనిపిస్తుంది. రెండు మాటలుగా విడదీసిన చోట పేరులో సగమే కుటుంబనామంగా నమోదయ్యే ప్రమాదం ఉంది. ఆయన పేపర్లను వెతికేవారు ఈ రూపాలన్నిటితోనూ వెతకాలి.

మీరు చేయవలసినవి ఇవి. మొదట, ఇంతవరకు వచ్చిన ప్రతి పేపర్‌లో మీ పేరు ఏ రూపంలో అచ్చయిందో ఒక కాగితం మీద రాయండి. చాలామందికి మూడు నాలుగు రూపాలు తేలతాయి. ఇకపై వాడబోయే రూపాన్ని ఒకటి ఎంచుకొని, దాన్ని మార్చకండి. ఆ తరువాత, పేరు ఏ రూపంలో ఉన్నా పరిశోధకుణ్ణి ఒకే మనిషిగా గుర్తించే ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య తీసుకోండి. 2012లో మొదలైన ఈ పదహారు అంకెల సంఖ్య ఉచితం. చివరి స్థానంలో అంకెకు బదులు ఎక్స్ అక్షరం వస్తే పొరపాటు అనుకోకండి, అది సరిచూసే గుర్తు. మీ ఆర్కిడ్ పేజీలో ఇతర పేర్లు రాయడానికి ఒక గడి ఉంటుంది. కాగితం మీద రాసుకున్న రూపాలన్నీ అందులో చేర్చండి. పేపర్ పంపే ప్రతిసారీ ఈ సంఖ్యను ఇవ్వండి.

చివరగా స్కోపస్‌లో మీ పేరు వెతకండి. స్కోపస్ రచయితల ప్రొఫైళ్లను మీ ప్రమేయం లేకుండానే తయారుచేస్తుంది కనుక, మీ పేపర్లు రెండు మూడు ప్రొఫైళ్లుగా చీలిపోయి ఉండవచ్చు, లేదా మీ ప్రొఫైల్‌లో మరొకరి పేపర్లు కలిసి ఉండవచ్చు. వాటిని కలపమని, తీసివేయమని కోరే సదుపాయం అక్కడే ఉంది. చందా లేకపోయినా రచయితగా వాడుకోవచ్చు. సవరణకు కొంత వ్యవధి పడుతుంది, అందువల్ల దరఖాస్తు గడువు ముందురోజు మొదలుపెట్టే పని కాదు ఇది. గూగుల్ స్కాలర్‌లో ప్రొఫైల్ ఉంటే, కొత్త వ్యాసాలను దానంతట అదే చేర్చే అమరికను ఆపివేసి, ముందుగా మీకు ఈమెయిల్ పంపి అడిగే అమరికను ఎంచుకోండి. ఈ ఒక్క మార్పు చేయని కారణంగా, ఊరూ పేరూ తెలియని మరొక రావు గారి పశువైద్య పేపర్లు తన హెచ్-ఇండెక్స్‌ను పెంచుతున్న సంగతి ఒక కార్డియాలజిస్టుకు ఇంటర్వ్యూ గదిలో తెలియడం నేను చూశాను.

జాబితాను పేపర్ పేపర్‌గా కూర్చండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. వరుసకు ఒక పేపర్ చొప్పున శీర్షిక, జర్నల్, సంవత్సరం, డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ సంఖ్య), పబ్‌మెడ్ సంఖ్య, రచయితల సంఖ్య, వారిలో మీ స్థానం, వ్యాసం రకం రాయండి. సైటేషన్ల గడులు ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి.

వెతుకులాట పబ్‌మెడ్‌తో మొదలుపెట్టండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం దీన్ని నడుపుతుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కుటుంబనామం, ఒక ఖాళీ, ఆపైన మధ్యలో చుక్కలు లేకుండా పొడి అక్షరాలు కొట్టి, పక్కన చతురస్రపు బ్రాకెట్లలో రచయిత అని సూచించే ఏ, యు అనే రెండక్షరాలు పెట్టాలి. మీరు ఒకే పొడి అక్షరం ఇస్తే, ఆ అక్షరంతో మొదలయ్యే మరిన్ని పొడి అక్షరాలున్న వారందరినీ పబ్‌మెడ్ తెచ్చిపెడుతుంది. అది వద్దనుకుంటే పేరును కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. పూర్తి పేరుతో వెతకడం 2002 తరువాతి వ్యాసాలకే, అదీ జర్నల్ పూర్తి పేరును అచ్చువేసిన సందర్భంలోనే పనిచేస్తుంది. కాబట్టి పేరుతో పాటు సంస్థ పేరును, ఊరి పేరును, విషయాన్ని జోడించి వెతకడం మేలు. కాగితం మీద రాసుకున్న ప్రతి రూపానికీ విడివిడిగా వెతికి, ఒక్కొక్క పేపర్‌ను తెరిచి చూసి, అది మీదేనని తేలాకే షీటులోకి ఎక్కించండి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది, దాని దగ్గర కాస్త ఆగాలి. మెడ్‌లైన్, పబ్‌మెడ్, పబ్‌మెడ్ సెంట్రల్ మూడూ ఒకటి కావు. మెడ్‌లైన్ అంటే ఆ గ్రంథాలయం జర్నల్‌ను పరిశీలించి, ఎంపిక చేసి, వ్యాసాలకు వైద్య విషయ శీర్షికలు కేటాయించే సూచిక. పబ్‌మెడ్ సెంట్రల్ అంటే 2000లో మొదలైన పూర్తి పాఠాల భాండాగారం. పబ్‌మెడ్ అనేది ఈ రెండింటిలోని వ్యాసాలనూ, మరికొన్నింటినీ వెతికిపెట్టే ద్వారం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థల నిధులతో చేసిన పరిశోధన ఏ జర్నల్‌లో వచ్చినా, రచయిత తన రాతప్రతిని పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉంచవలసి ఉంటుంది. అలా ఉంచిన ఒక్క వ్యాసం వల్ల ఆ జర్నల్ పేరు పబ్‌మెడ్ వెతుకులాటలో కనిపిస్తుంది. దాన్ని పట్టుకొని తమది పబ్‌మెడ్ ఇండెక్స్‌డ్ జర్నల్ అని చెప్పుకొని డబ్బు వసూలు చేసే పత్రికలు లేకపోలేదు. మీ జర్నల్ సంగతి తేల్చుకోవడానికి అదే గ్రంథాలయపు కేటలాగ్‌లో జర్నల్ పేరు వెతికి, ప్రస్తుతం మెడ్‌లైన్‌లో ఇండెక్స్ అవుతోందా అన్న వరుసను చదవండి. మీరు దరఖాస్తు చేస్తున్న సంస్థ ఏయే సూచికలను గుర్తిస్తుందో ఆ నిబంధనలోని మాటలను యథాతథంగా చదివి, షీటులో మరొక గడి పెట్టి ప్రతి పేపర్‌కూ అవును, కాదు అని రాయండి.

పబ్‌మెడ్ అయ్యాక అవే పేర్లతో స్కోపస్‌లోనూ, వీలైతే వెబ్ ఆఫ్ సైన్స్‌లోనూ వెతకండి. బయోమెడికల్ ఇంజనీరింగ్, పదార్థశాస్త్రం, గణాంక పద్ధతులు వంటి అంచు విషయాల్లో రాసినవారి పేపర్లు పబ్‌మెడ్‌లో లేకపోవచ్చు.

బయోఆర్కైవ్‌లోనో మెడ్‌ఆర్కైవ్‌లోనో ముందుగా పెట్టిన ప్రీప్రింట్, తరువాత జర్నల్‌లో వచ్చిన పేపర్ ఒకే పని. వాటిని రెండుగా లెక్కించకండి. సదస్సుల సంక్షిప్తాలను, ఎడిటర్‌కు రాసిన ఉత్తరాలను, కేసు రిపోర్టులను, రివ్యూలను, అసలైన పరిశోధన వ్యాసాలను వేరువేరు శీర్షికల కింద ఉంచండి. అన్నిటినీ కలిపి ఒకే సంఖ్యగా చూపిస్తే పరిశీలకుడు మొదటి నిమిషంలోనే విడదీస్తాడు, విడదీశాక మిగతా అంకెలను కూడా అనుమానంతో చూస్తాడు.

ప్రతి పేపర్‌కూ సవరణ గానీ, ఉపసంహరణ గానీ ఉందేమో తప్పక చూడండి. ఉపసంహరించిన వ్యాసాలకు పబ్‌మెడ్‌లో స్పష్టమైన హెచ్చరిక ఉంటుంది; ఉపసంహరణలను గమనించే రిట్రాక్షన్ వాచ్ సేకరించిన డేటాబేస్‌ను 2023లో, డీఓఐలను నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ తీసుకొని అందరికీ తెరిచింది కనుక అక్కడా వెతకవచ్చు. సహరచయితగా ఉన్న పేపర్ ఉపసంహరణకు గురైతే దాన్ని జాబితా నుంచి నిశ్శబ్దంగా తొలగించడం కంటే, ఉపసంహరించిన సంవత్సరంతో, ఒక వాక్యం వివరణతో ఉంచడమే సురక్షితం. ఉపసంహరణతో సైటేషన్లు ఆగవన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వ్యాసం 2010లో ఉపసంహరణకు గురైంది, అయినా దాన్ని ఉటంకించేవారు నేటికీ ఉన్నారు. వారిలో చాలామంది దాన్ని తప్పుబడుతూ ఉటంకిస్తున్నవారే. సైటేషన్ అంటే ప్రశంస అని ఎవరైనా చెబితే ఈ వ్యాసాన్ని చూపించండి.

ప్రతి పేపర్‌లో మీ పాత్రను గుర్తించండి

బయోమెడికల్ రంగంలో రచయితల వరుసకు అర్థం ఉంది. మొదటి పేరు పనిలో అధికభాగం చేసినవారిది, చివరి పేరు సాధారణంగా ప్రయోగశాల లేదా అధ్యయన సారథిది, కరెస్పాండింగ్ ఆథర్ ఆ పేపర్‌కు జవాబుదారీ. మొదటి ఇద్దరూ సమానంగా పనిచేశారన్న గమనిక పేపర్‌లో అచ్చయి ఉంటే దాన్ని రాసుకోవచ్చు. అచ్చు కాకపోతే రాసుకోరాదు. చాలా జర్నళ్లు ఇప్పుడు పద్నాలుగు రకాల పాత్రలున్న క్రెడిట్ పట్టిక ప్రకారం ఎవరు ఏమి చేశారో చివర ముద్రిస్తున్నాయి. మీ పాత్రను సొంత మాటల్లో వర్ణించడానికి బదులు ఆ అచ్చయిన మాటలనే షీటులోకి ఎత్తిరాయండి.

ఎన్నో సంస్థలు కలిసి రాసే పెద్ద కన్సార్షియం పేపర్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ప్రపంచ రోగభారాన్ని అంచనా వేసే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం లాన్సెట్‌లో ప్రచురించే వ్యాసాలకు వందలమంది రచయితలు ఉంటారు, ఒక్కొక్క దానికి వేలల్లో సైటేషన్లు వస్తాయి. అలాంటివి మూడు నాలుగు ఉంటే చాలు, మిగతా కెరీర్ అంతా ఆ అంకె కింద మునిగిపోతుంది. పైగా పబ్‌మెడ్ రచయితలను ఒకచోట, బృందపు పేరుతో రాసిన వ్యాసాల్లోని పరిశోధకులను మరొకచోట నమోదు చేస్తుంది. రెండో జాబితాలో పేరున్నవారు రచయితలు కారు. మీరు ఏ జాబితాలో ఉన్నారో చూసుకొని, కన్సార్షియం పేపర్లను విడిగా లెక్కించి, అవి ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని రెండు అంకెలూ ఇవ్వండి.

ఇప్పుడు సైటేషన్లు లెక్కించండి

సైటేషన్లను క్రమబద్ధంగా సూచికలో పెట్టవచ్చని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించాడు. 1964లో వెలువడిన ఆయన సైన్స్ సైటేషన్ ఇండెక్సే నేటి వెబ్ ఆఫ్ సైన్స్‌కు మూలం. స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ 2004లో వచ్చాయి. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ ఎంపిక చేసిన జర్నళ్లను చదువుతాయి. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలనూ, ప్రీప్రింట్లనూ, విశ్వవిద్యాలయాల సైట్లలోని పత్రాలనూ కూడా చదువుతుంది కనుక దాని అంకె సాధారణంగా అన్నిటికన్నా పెద్దది. పబ్‌మెడ్ చూపించే సైటేషన్ల వరుస పూర్తి లెక్క కాదు, దాన్ని మొత్తంగా ఎక్కడా ఇవ్వకండి.

రెండు డేటాబేసులు ఎంచుకొని, ఒకే రోజున, ఒకేసారి కూర్చొని ప్రతి పేపర్‌కూ అంకెలు నింపి, తేదీ రాయండి. పేపర్ల సంఖ్య ఒక డేటాబేస్ నుంచి, సైటేషన్లు మరొకదాని నుంచి, హెచ్-ఇండెక్స్ ఇంకొకదాని నుంచి ఏరుకోవడం చాలామంది తెలియకనే చేసే తప్పు. ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు, పొసగలేదని తెలుసుకోవడానికి పరిశీలకుడికి ఒక్క వెతుకులాట చాలు.

ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క చూద్దాం. ఒక పరిశోధకురాలికి తొమ్మిది పేపర్లు ఉన్నాయి. వాటి సైటేషన్లు పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా 48, 31, 22, 9, 7, 6, 5, 2, 0. మొత్తం 130. హెచ్-ఇండెక్స్ కోసం వరుస సంఖ్యను సైటేషన్ల సంఖ్యతో పోల్చుతూ కిందికి రావాలి: ఆరో పేపర్‌కు 6 సైటేషన్లు ఉన్నాయి, ఏడో దానికి 5 మాత్రమే ఉన్నాయి, కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. పది లేదా అంతకు మించి సైటేషన్లున్న పేపర్లను లెక్కించే ఐ10 ఇండెక్స్ 3. సగటు 14 దాటుతుంది, మధ్యగతం (వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్న అంకె) 7 మాత్రమే. సగటుకూ మధ్యగతానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని గమనించండి. దాదాపు ప్రతి పరిశోధకుడి రికార్డూ ఇలాగే కొద్ది పేపర్ల వైపు ఒరిగి ఉంటుంది, కనుక సగటును ఒంటరిగా ఇవ్వడం మంచిది కాదు.

ఇప్పుడు స్వీయ సైటేషన్లు తీసివేద్దాం. స్కోపస్‌లోనూ వెబ్ ఆఫ్ సైన్స్‌లోనూ దీనికి అమరిక ఉంది, గూగుల్ స్కాలర్‌లో లేదు. తీసివేశాక పై అంకెలు 44, 29, 19, 8, 4, 3, 5, 2, 0 అయ్యాయనుకుందాం. మొత్తం 114. మళ్లీ వరుసలో పెడితే ఐదో స్థానంలో 5, ఆరో స్థానంలో 4 వస్తాయి; హెచ్-ఇండెక్స్ 5కు తగ్గింది. తన పాత పనిని ఆధారం చేసుకొని ముందుకు వెళ్లేవారు తమను తాము ఉటంకించక తప్పదు, ఇందులో దాచవలసినదేమీ లేదు. రెండు అంకెలూ మీరే ఇస్తే అవతలివారు వెతికే పని తప్పుతుంది.

అంకెను దాని రంగంలో ఉంచి చూడండి

హెచ్-ఇండెక్స్‌ను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలోని భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించాడు. ఆ వ్యాసంలోనే ఆయన భౌతికశాస్త్రంలో ఎడ్వర్డ్ విటెన్‌కు 110, జీవశాస్త్రాల్లో సాలమన్ స్నైడర్‌కు 191 అని చూపించాడు. అంటే రంగం మారితే కొలబద్ద మారుతుందని దాన్ని కనిపెట్టినవాడే చెప్పాడు. బయోమెడికల్ రంగం లోపల కూడా ఇంతే: కేన్సర్ జీవశాస్త్రంలో పనిచేసేవారికీ, వైద్య కీటకశాస్త్రంలో పనిచేసేవారికీ చదువరుల సంఖ్యలోనే తేడా ఉంది. వయసు సంగతి చెప్పనక్కర్లేదు. హెచ్-ఇండెక్స్ కాలంతో పెరుగుతుందే తప్ప తగ్గదు, మీరు పరిశోధన మానేసినా అది పెరుగుతూనే ఉండవచ్చు.

అందువల్ల రంగానికి తగినట్లు సరిచేసిన కొలతను ఒకటైనా జోడించండి. అందరికీ అందుబాటులో ఉన్నది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఐసైట్. షీటులో రాసుకున్న పబ్‌మెడ్ సంఖ్యలను అందులో అతికిస్తే ప్రతి పేపర్‌కూ సాపేక్ష సైటేషన్ నిష్పత్తి వస్తుంది. ఆ పేపర్‌తో కలిపి ఉటంకించబడే ఇతర పేపర్లనే దాని రంగంగా తీసుకొని ఈ కొలతను కడతారు. నిష్పత్తి 1 ఉంటే, ఆ సంస్థల నిధులతో వచ్చిన అదే రంగపు పేపర్లలో మధ్యస్థమైనదానికి ఏడాదికి వచ్చేన్ని సైటేషన్లు దానికీ వస్తున్నాయని అర్థం. మీ పేపర్‌ను ఎన్ని క్లినికల్ వ్యాసాలు ఉటంకించాయో కూడా ఐసైట్ చూపిస్తుంది. ప్రయోగశాలలో పనిచేసేవారికి ఇది తరచుగా మొత్తం అంకె కంటే విలువైన సమాచారం. స్కోపస్‌లో ఇలాంటి కొలతనే రంగ భారిత సైటేషన్ ప్రభావం అంటారు, అక్కడ 1 అంటే ప్రపంచ సగటు. సగటు, మధ్యగతం వేరు కాబట్టి ఈ రెండు ఒకట్లనూ ఒకే వాక్యంలో పోల్చకండి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మీ పేపర్‌కు వచ్చిన మార్కులా రాయకండి. ఒక సంవత్సరంలో ఆ జర్నల్‌లోని గత రెండేళ్ల వ్యాసాలకు వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్లలో వచ్చిన ఉటంకించదగిన వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అది ఎంత సులువుగా పక్కదోవ పడుతుందో చెప్పడానికి స్ఫటిక శాస్త్రపు జర్నల్ ఆక్టా క్రిస్టలోగ్రాఫికా, విభాగం ఏ చాలు. 2008లో అందులో వచ్చిన ఒకే ఒక్క వ్యాసం, విస్తారంగా వాడే ఒక సాఫ్ట్‌వేర్ చరిత్రను చెప్పేది, వేలసార్లు ఉటంకింపుకు వచ్చింది. ఆ దెబ్బకు 2 దగ్గర ఉన్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009లో 49 దాటింది. అదే సంచికల్లో పక్క పేజీల్లో రాసినవారి పేపర్లు రాత్రికి రాత్రి గొప్పవి కాలేదు. వ్యక్తులను అంచనా వేయడానికి జర్నల్ అంకెలను వాడరాదని 2012లో రూపొందిన శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది. అయినా మీ సంస్థ దరఖాస్తులో ఆ గడి ఉంటే నింపక తప్పదు. నింపేటప్పుడు పేపర్ వచ్చిన సంవత్సరపు అంకె రాశారో, తాజా అంకె రాశారో స్పష్టంగా చెప్పండి.

ఏటా మన పత్రికల జిల్లా పేజీల్లో ఫలానా ఆచార్యుడికి స్టాన్‌ఫర్డ్ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో చోటు అని వార్తలు వస్తుంటాయి. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ సమాచారంతో తయారుచేసే జాబితా అది, పురస్కారం కాదు. మొత్తం కెరీర్‌కు ఒక జాబితా, ఒకే ఏడాదికి మరొక జాబితా ఉంటాయి. మీ పేరు అందులో ఉంటే ఏ జాబితా, ఏ సంవత్సరం, ఏ ఉపరంగం అన్నవి రాసి వదిలేయండి.

సైటేషన్లు పట్టుకోలేనిదాన్ని మాటల్లో రాయండి

అంకెలన్నీ సిద్ధమయ్యాక వాటి పక్కన నాలుగైదు పేరాలు రాయవలసి ఉంటుంది. ఇక్కడ మళ్లీ సుబ్బారావు దగ్గరికి వెళదాం. హార్వర్డ్ జీవరసాయనవేత్త సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రచురించిన, రంగు తీవ్రతను బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి దశాబ్దాల పాటు జీవరసాయన ప్రయోగశాలలన్నిటా వాడుకలో ఉంది, అత్యధికంగా ఉటంకించిన వ్యాసాల్లో ఒకటిగా నిలిచింది. పద్ధతులను వివరించే వ్యాసాల తీరే అంత: ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి మీద లౌరీ, ఆయన సహచరులు 1951లో రాసిన వ్యాసం 3 లక్షలకు పైగా సైటేషన్లతో 2014లో నేచర్ వేయించిన లెక్కలో మొదటి స్థానంలో నిలిచింది. అయితే సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీలో జరిగిన ఫోలిక్ ఆమ్లపు పని మరొక దారి పట్టింది. ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన వ్యాసం కేన్సర్ చికిత్స చరిత్రలో మైలురాయి. ఆ వ్యాస రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. ఆయన పేరుతో ఏ డేటాబేస్‌ను అడిగినా ఈ సంబంధం బయటపడదు. ఎవరో ఒకరు వాక్యాల్లో రాయాలి.

మీ విషయంలోనూ అలాంటివి ఉండవచ్చు: ఆస్పత్రిలో వాడుకలోకి వచ్చిన ఒక పరీక్ష, ప్రభుత్వ కార్యక్రమపు మార్గదర్శకాల్లో చేరిన ఒక మోతాదు, ఇతర ప్రయోగశాలలు అడిగి తీసుకువెళ్లిన కణశ్రేణి, అందరూ దించుకొని వాడుతున్న డేటా. ప్రతి దానికీ ఆధార పత్రం జతపరచండి. మార్గదర్శకంలో మీ పేపర్ ప్రస్తావన ఉంటే ఆ పుట సంఖ్య ఇవ్వండి. మీ పేరాను పేపర్ల చుట్టూ కాక ప్రశ్నల చుట్టూ అల్లండి: అప్పటికి తెలియనిది ఏమిటి, మీరు చేసినది ఏమిటి, ఆ తరువాత ఎవరు దాన్ని వాడుకున్నారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు పంపే బయోస్కెచ్‌లో (పరిశోధకుడి సంక్షిప్త పరిచయ పత్రంలో) పరిశోధకులు తమ కృషిని ఐదు అంశాలకు మించకుండా ఇలాగే వివరిస్తారు.

సైటేషన్ల గురించి రాసే వాక్యం ఈ తీరులో ఉంటే చాలు: ఫలానా తేదీన స్కోపస్ ప్రకారం తొమ్మిది పరిశోధన వ్యాసాలు, వాటిలో నాలుగింటికి మొదటి రచయిత, మొత్తం 130 సైటేషన్లు, సహరచయితల సైటేషన్లతో సహా స్వీయ సైటేషన్లు మినహాయిస్తే 114, హెచ్-ఇండెక్స్ 6, మినహాయిస్తే 5, కన్సార్షియం వ్యాసాలు లేవు. అద్భుతమైన, విశేషమైన వంటి విశేషణాలు ఈ వాక్యంలో అక్కర్లేదు.

అమెరికాలో అసాధారణ ప్రతిభ కోటా కింద ఈబీ-1ఏ పిటిషన్ వేస్తున్న తెలుగు పరిశోధకులకు ఒక మాట. అక్కడి నిబంధనల్లోని పది ప్రమాణాల్లో కనీసం మూడింటిని చూపాలి. పాండిత్య వ్యాసాల రచన వాటిలో ఒకటి, రంగానికి ప్రధానమైన మౌలిక కృషి మరొకటి, ఇతరుల పనిని పరిశీలించి తీర్పు చెప్పడం ఇంకొకటి. పేపర్లు రాశానన్నది మొదటిదానికి సరిపోతుంది. రెండోదానికి మాత్రం సైటేషన్ల మొత్తం ఒక్కటే సరిపోదు. ఉటంకించినవారు మీ పనితో ఏమి చేశారో ఆయా పేపర్లలోని వాక్యాలతో చూపాలి. మూడు ప్రమాణాలు తేలాక కూడా మొత్తం రికార్డును కలిపి తూచే రెండో దశ ఉంటుంది. పోలిక కోసం, వెబ్ ఆఫ్ సైన్స్‌ను నడిపే క్లారివేట్ వారి ఎసెన్షియల్ సైన్స్ ఇండికేటర్స్ పట్టికలు వాడేటప్పుడు మీ పేపర్ వచ్చిన సంవత్సరపు వరుసనే, మీ జర్నల్‌కు కేటాయించిన రంగాన్నే తీసుకోండి. క్లినికల్ మెడిసిన్, మాలిక్యులర్ బయాలజీ వరుసల అంకెలు ఒకటి కావు.

సిఫారసు లేఖలు రాసేవారికి మీ అంకెలను పంపేటప్పుడు తేదీతో సహా ఒకే పట్టిక పంపండి. లేఖలో 130, పిటిషన్‌లో 141, జతపరచిన స్క్రీన్‌షాట్‌లో 152 ఉంటే, మూడూ ఆయా రోజులకు నిజమే అయినా, ప్రశ్న మాత్రం మీకే వస్తుంది. దరఖాస్తు పంపే రోజున రెండు డేటాబేసుల్లోని మీ ప్రొఫైల్ పేజీలను, సైటేషన్ల జాబితాను పీడీఎఫ్‌గా భద్రపరచి, ఫైలు పేరులోనే తేదీ రాసి, స్ప్రెడ్‌షీట్ నకలుతో పాటు ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. మళ్లీ దరఖాస్తు చేయవలసి వచ్చినప్పుడు పాత షీటును దిద్దకుండా దాని నకలు తీసి, కొత్త తేదీతో అన్ని గడులనూ మొదటి నుంచి నింపండి.